జమునతో కలిసి నాందేడ్ గురుద్వారాకు

కోరుట్ల బస్టాండు నుంచి ఆర్మూర్ బస్సు ఉదయం ఆరుంబావుకు కదిలింది. డిసెంబరు నెల. కిటికీ అద్దం సరిగా మూసుకోక చలిగాలి లోపలికి కొడుతోంది. నా పక్కన నా భార్య జమున చెవుల మీదుగా శాలువా చుట్టుకుని కూర్చుంది. కండక్టరుకు ఆధార్ కార్డు చూపించి తను ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్టు తీసుకుంది. నేను నా టికెట్టు కొనుక్కున్నాను. మెట్‌పల్లి వచ్చేదాకా మా మధ్య మాట లేదు.

నిజానికి నాందేడ్ గురుద్వారాకు నేనొక్కణ్ణే వెళ్ళాలనుకున్నాను. ముందురోజు సాయంత్రం బట్టలు సర్దుకుంటుంటే జమున తన చీరలు రెండు తెచ్చి అదే సంచిలో పెట్టింది.

"నేను గూడ వస్త. ఆడికి పోయి నువ్వు ఏమైతున్నవో నా కండ్లతోని సూస్త" అంది.

నేను సంచి జిప్పు మూశాను.

నా పేరు రాజేశం. మా ఊరు కోరుట్లకు మూడు కిలోమీటర్లు. సెంట్రింగ్ పని చేస్తాను. పద్నాలుగేళ్ళు దుబాయిలో అదే పని చేసి మూడేళ్ళ కింద తిరిగొచ్చాను. అక్కడ మా క్యాంపులో బల్బీర్ సింగ్ అని పంజాబు మనిషి ఒకాయన క్రేన్ నడిపేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. అందరం పాజీ అని పిలిచేవాళ్ళం, అన్నా అని అర్థం. ఎనిమిదేళ్ళ కింద మా బిడ్డ అక్షిత జ్వరంతో పోయిందని ఇంటి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను కడుతున్న భవనం మీద, పద్దెనిమిదో అంతస్తులో ఉన్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల. నేను బయలుదేరి వచ్చేదాకా ఆపలేమని ఫోనులో జమున అన్న చెప్పాడు. ఆ సాయంత్రమే మట్టి చేశారు.

ఆ రోజు పాజీ పని మానేసి నన్ను అక్కడి గురుద్వారాకు తీసుకుపోయాడు. లోపల ముగ్గురు కూర్చుని హార్మోనియం, తబలాలతో పాడుతున్నారు. నాకొక్క ముక్క అర్థం కాలేదు. వాళ్ళు పాడుతున్నారు, నేను ఏడుస్తున్నాను. ఎవరూ నన్ను లెమ్మనలేదు, ఊరుకోమని కూడా అనలేదు. సాయంత్రం దాకా పాజీ నా పక్కనే కూర్చున్నాడు. ఆ తర్వాత కింది హాల్లో అందరితోపాటు నేల మీద కూర్చోబెట్టి, రొట్టె తుంచి పప్పులో అద్ది నా చేతికిచ్చాడు.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం వెళ్ళేవాణ్ణి. మొదట గిన్నెలు కడగడానికి, తర్వాత వినడానికి. పాజీ ఒక్కో మాటకు హిందీలో అర్థం చెబితే తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. దేవుడొక్కడేనని, ఏ మనిషీ తక్కువ కాడని, కష్టపడి సంపాదించిందాన్ని పంచుకుని తినమని. ఇవి నేను ఎక్కడా విననివి కావు. కానీ అక్కడ పెద్ద కారులో వచ్చినాయనా నేనూ పక్కపక్కనే కూర్చుని తిన్నాం. చెప్పే మాట కళ్ళముందు జరుగుతుంటే చూడటం వేరుగా ఉండింది.

ఇంటికొచ్చాక తాగుడు పూర్తిగా మానేశాను. పదకొండు నెలలుగా జుట్టు, గడ్డం కత్తిరించలేదు. తలకు గుడ్డ కట్టుకుంటున్నాను. అక్కడే ఇంట్లో గొడవ మొదలైంది. మా అమ్మకు, మేం అవ్వ అంటాం, డెబ్బై దాటాయి. ఒకరోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగింది.

"నేను సచ్చిన్నాడు గుండు గీయించుకుంటవా, లేదా? గది చెప్పు నాకు. ఉన్నది నువ్వొక్కనివే కొడుకువు."

నేను లేచి వాకిట్లోకి పోయాను. సిక్కు మతంలో చేరినవాడు కేశాలు తీయకూడదు. మా ఇళ్ళలో తల్లి పోతే కొడుకు గుండు చేయించుకోవాలి. ఆ రాత్రి అవ్వ అన్నం తినలేదు.

పంజాబులో ఉన్న పాజీకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "మా పదో గురువు చివరి రోజులు గడిపిన చోటు నాందేడ్. మేము రెండు రోజులు రైల్లో పడి వస్తాం. నీ ఇంటికి ఒక్క పూట దూరం. ముందు అక్కడికెళ్ళి అడుగు" అన్నాడు.

అదీ ఈ ప్రయాణం సంగతి.

ఏడుంబావు దాటాక ఆర్మూర్‌లో దిగాం. బస్టాండు బయట టీ తాగి, ఎనిమిదింటి నిర్మల్ బస్సు ఎక్కాం. మా ముందు సీట్లో తెల్లటి మీసాల పెద్దాయన ఒకాయన. మందమర్రి బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడట, బంధువుల ఇంట్లో పెళ్ళి చూసుకుని భైంసాలో ఉన్న బిడ్డ దగ్గరికి పోతున్నాడు. వెనక్కి తిరిగి నా తలగుడ్డను కాసేపు చూశాడు.

"సర్దార్‌వా?" అన్నాడు.

"ఇంకా కాలే" అన్నాను.

"అయితున్నవా మరి?"

"తెలుస్తలేదు పెదనాయినా."

ఆయన తలూపాడు. "మా గనిల ఒక సర్దార్ ఉండె. ఫిట్టర్. ఓసారి పైకప్పు కూలి ఇద్దరు లోపట పడ్డరు. ఇంకో కప్పు కూలుతదని అందరు ఆగిన్రు. గాయన ఆగలే. దేవుని పేరు తీసుకున్నడు, దిగిండు. ఒకన్ని తెచ్చిండు" అన్నాడు. మీసాలు తుడుచుకుని, "రెండోటోడు దొరకలే" అన్నాడు. ఆ తర్వాత ముందుకు తిరిగి కూర్చున్నాడు.

సోన్ దగ్గర గోదావరి వంతెన మీదికి బస్సు ఎక్కినప్పుడు సగం మంది చేతులు జోడించారు. జమున కూడా జోడించింది. నేను కూడా. అది నా చిన్నప్పటి అలవాటు, దాన్ని మానుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

తొమ్మిదిన్నరకు నిర్మల్. బస్టాండు ఎదుట పూరీ తిన్నాం. పది గంటల భైంసా బస్సులో నిలబడాల్సి వచ్చింది. దారి పొడుగునా పత్తి బళ్ళు, పత్తి నింపుకున్న ట్రాక్టర్లు. రోడ్డు పక్క తుమ్మకొమ్మలకు తెల్లగా పత్తి పీచు అంటుకుని ఉంది. పదకొండుంబావుకు భైంసాలో దిగేసరికి నాందేడ్ బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. అరటిపళ్ళు అమ్మే ఆమె మమ్మల్ని చూసి, "నాందేడ్‌కా? లౌకర్ ఎక్కుండ్రి, లౌకర్! మళ్ళ గంట దాక గాడీ లేదు" అని తొందరపెట్టింది. మరాఠీ, తెలుగు కలిసిపోయిన ఊరు అది. మహారాష్ట్ర బస్సు కాబట్టి జమునకు జీరో టికెట్టు చెల్లలేదు, ఆడవాళ్ళకు సగం టికెట్టు ఇచ్చారు.

మధ్యాహ్నం ఒకటిన్నరకు నాందేడ్ చేరాం. బస్టాండు నుంచి షేర్ ఆటో. యాత్రికుల వసతి గృహంలో ఇద్దరి ఆధార్ కార్డులు చూసి రెండో అంతస్తులో గది ఇచ్చారు. రెండు మంచాలు, శుభ్రమైన దుప్పట్లు, వేడి నీళ్ళు. వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట. బీడీ, సిగరెట్టు, గుట్కా దగ్గర పెట్టుకోకండి. తల కప్పుకోవడానికి పెద్ద రుమాలు తీసుకెళ్ళండి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. మీరెవరు, ఏ కులం, ఏ మతం అని అక్కడ మమ్మల్ని ఎవరూ అడగలేదు.

చెప్పులు విప్పే చోట మాకు మొదటి ఆశ్చర్యం. కౌంటరు వెనక ఇస్త్రీ బట్టల్లో, బంగారు ఫ్రేము కళ్ళద్దాలతో ఉన్న పెద్దమనిషి మా చెప్పులు రెండు చేతులతో అందుకుని, గుడ్డతో తుడిచి అరలో పెట్టాడు. జమున నా చెయ్యి గుంజింది.

"గంత పెద్దాయన మన చెప్పులు ముట్టుకుంటుండు. వద్దని చెప్పరాదు!"

"ఆయన కావాలనే చేస్తుండు. సేవ అంటరు."

"పని మనిషి గాదా?"

"కాదు. డాక్టరో, వకీలో అయి ఉంటడు."

ఆమె మరోసారి వెనక్కి తిరిగి చూసింది.

నీళ్ళు పారే చిన్న కాలువలో కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాం. తెల్లటి పాలరాయి ఆవరణ, పైన బంగారు రంగు శిఖరం. లోపల మెత్తటి కార్పెట్టు మీద జనం. గడప దగ్గర నుదురు నేలకు ఆనించాను. ఎప్పటి నుంచో అనుకుంటున్న చోటికి వచ్చినా నాలో పెద్దగా ఏ అలజడీ లేదు. అది నన్ను కొంచెం భయపెట్టింది. పక్కనే ఒక పంజాబీ ముసలాయన ఏకధారగా ఏడుస్తున్నాడు. రెండు రోజులు రైల్లో వచ్చి ఉంటాడు. నేను ఒక్క పూటలో వచ్చాను కాబట్టే నాకు కన్నీళ్ళు రావడం లేదేమో అనిపించింది.

దోసిట్లో వేడి ప్రసాదం పెట్టారు. గోధుమపిండి, నెయ్యి, చక్కెర. జమున తిని, చేతికంటిన నెయ్యిని తలకు రాసుకుంది.

లంగరులో, అంటే అందరికీ అన్నం పెట్టే హాల్లో, వరుసలో కూర్చున్నాం. పప్పు, కూర, రొట్టె, పాయసం. రొట్టెలు పంచే అతను వచ్చినప్పుడు జమున ఒక చెయ్యి చాపింది. పక్కనున్న ఆమె మెల్లగా తెలుగులో, "రెండు చేతులు పట్టు బిడ్డా, దోసిలి పట్టు" అంది.

ఇద్దరం ఉలిక్కిపడి చూశాం. అరవై ఏళ్ళ మనిషి, పచ్చటి పంజాబీ డ్రెస్సు, తల మీద తెల్లటి చున్నీ, నడుము పక్కన కిర్పాన్ అనే చిన్న కత్తి. మా అవ్వ మాట్లాడినట్టే మాట్లాడుతోంది.

"తెలుగోళ్ళా మీరు?" అంది జమున.

"నిర్మలే మాది. మా తాతల కాలంకెల్లి ఆడనే. తాళాలు, తాళంచేతులు, కత్తులు చేసి అమ్మెటోళ్ళు మావోళ్ళు. నా పేరు సత్వంత్ కౌర్. ఏడాదికోసారి నేను, మా ఆయన పది రోజులు వచ్చి రొట్టెలు చేస్తం."

"సిక్కులు తెలుగు మాట్లాడుతరా?"

"నిర్మల్ల పుట్టి ఇంకేం మాట్లాడుత?" అని ఆమె నవ్వింది. జమున కూడా నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం అదే మొదలు.

తిన్నాక సత్వంత్ కౌర్ జమున చెయ్యి పట్టుకుని వంటశాలకు తీసుకుపోయింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. పెద్ద ఇనుప పెనాల చుట్టూ ఆడవాళ్ళు, మగవాళ్ళు. జమున చీర కొంగు నడుముకు దోపుకుని పీట ముందు కూర్చుంది.

"గిన్ని రొట్టెలు ఎవరికి?" అని అడిగింది.

"ఎవరొస్తే వాళ్ళకు" అంది సత్వంత్ కౌర్. పిండి ముద్ద అందిస్తూ మామూలుగా అడిగినట్టే, "పిల్లలెంతమంది నీకు?" అంది.

మాకొక కొడుకు. పదో తరగతి, హాస్టల్లో ఉంటాడు. ఎనిమిదేళ్ళుగా ఎవరడిగినా జమున "ఒక్కడే" అని చెప్పడం నేను విన్నాను. కానీ ఆ రోజు పిండి ముద్దను పీట మీద పెట్టింది.

"ఇద్దరు" అంది. "పెద్దది లేదు."

సత్వంత్ కౌర్ తన పీట దగ్గరికి లాక్కుంది. రొట్టె ఒత్తుతూనే, "నా చిన్నోడు బండి మీద పోయిండు. ఇరవై ఏండ్లు" అంది. "మా ఇంట్ల పది దినాలు గ్రంథం చదివిన్రు. ఊరోళ్ళు, వేరే కులపోళ్ళు, అందరు వచ్చి కూసున్నరు. నాకు ఒక్క అక్షరం చెవుల వడలే. కని మనుషులు ఉన్నరు సూడు, గది యాదికున్నది."

నేను అక్కణ్ణించి వచ్చేశాను. ఆ మాటలు నా కోసం కాదనిపించింది.

నాలుగింటికి సత్వంత్ కౌర్ భర్త నన్ను ఒక వరండాలోకి తీసుకువెళ్ళాడు. అక్కడ కొత్తగా వచ్చినవాళ్ళ సందేహాలకు జవాబులు చెప్పే ఒక జ్ఞానీజీ కూర్చుని ఉన్నారు. ఎనభై దగ్గర పడిన మనిషి, నీలం తలపాగా. ఆయన హిందీలో మాట్లాడారు. దుబాయి పుణ్యమా అని నాకు హిందీ వచ్చు.

నా సంగతంతా చెప్పాను. బిడ్డ పోయిన రోజు, పాజీ, జుట్టు, మా అవ్వ అడిగిన ప్రశ్న. అమృతం తీసుకోవాలని, అంటే దీక్ష తీసుకోవాలని ఉందని చెప్పాను. చివరికి అడిగాను. "మా అమ్మకు ఏం చెప్పాలి?"

ఆయన నన్ను దగ్గరికి జరగమన్నారు. "కేశాలు ఉంచుకోవడమంటే మాట ఇవ్వడం. మాట ఇచ్చాక తప్పకూడదు. అందుకే తల్లి దగ్గర దాచి మాట ఇవ్వకు" అన్నారు. "ఆమెకు అబద్ధం చెప్పకు. గుండు చేయించుకుంటానని ఇప్పుడు ఒప్పుకుని, అప్పుడు మొండికేయకు. ఆమె ఒప్పుకోకపోతే ఆగు. ఆ దేవుడికి, వాహెగురుకు, తొందరేమీ లేదు. పొద్దున లేచి ఆయన పేరు తలుచుకో, నీ పని నువ్వు నిజాయితీగా చెయ్యి, పంచుకుని తిను. దీనికి దీక్ష అక్కర్లేదు, ఇవాళే మొదలుపెట్టొచ్చు."

"ఆగితే ఎప్పటికీ కాలేనేమో."

"కాకపోతే కాకపో. నువ్వు గురువు దగ్గరికి రావడం ఎవరూ ఆపలేరు."

నేను లేవబోయాను. ఆయన నన్ను ఆపి అడిగారు.

"నీ బిడ్డ పోయిన రోజు నీ పక్కన ఒక మనిషి కూర్చున్నాడన్నావు. నీ భార్య పక్కన ఎవరు కూర్చున్నారు?"

అవ్వ ఇంట్లో ఉంది, జమున అన్న ఉన్నాడు, ఊరు ఊరంతా వచ్చి ఉంటుంది. కానీ నాకు నిజంగా తెలియదు. ఆ తర్వాత ఏడు నెలలకు సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు ఇద్దరం ఏడ్చాం. కానీ ఏం జరిగింది, ఎట్లా జరిగింది అని నేను అడగలేదు. వినే ధైర్యం లేక అడగలేదు. ఎనిమిదేళ్ళు అట్లాగే గడిచాయి.

"తెలియదు" అన్నాను.

జ్ఞానీజీ నన్ను నిందించలేదు. "తెలుసుకో" అన్నారు అంతే.

ఆ సాయంత్రం హారతి వేళ గురువుల కాలం నాటి ఆయుధాలను ఒక్కొక్కటిగా ఎత్తి చూపించారు. జనం నిలబడి చూస్తున్నారు. నా మనసు అక్కడ లేదు. ఆడవాళ్ళ వైపు పిండి మరకల చీరలో నిలబడ్డ జముననే చూస్తున్నాను. మూడు గంటలు రొట్టెలు చేసి ఆమె చేతులు ఎర్రబడ్డాయి. గదికి వచ్చాక, "బాగా అలసిపోయినవా?" అంటే, "మంచిగనే ఉన్నది" అని పడుకుంది. అప్పుడే అడగాలనుకున్నాను. లైటు ఆర్పి పడుకున్నాను.

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి కీర్తనకు వెళ్ళాం. పాడే ఆయన గొంతు ఎక్కడా పైకి లేవలేదు, ఒకే మట్టంలో మెల్లగా సాగింది. పాజీ నేర్పిన మాటలు అక్కడక్కడా గుర్తుపట్టాను. చిన్నపిల్లవాడు అక్షరాలు కూడబలుక్కున్నట్టు ఒక్కో మాటా పట్టుకుంటూ పోతుంటే, ఎప్పుడు మొదలైందో తెలియదు, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. వెలుగు వచ్చాక గోదావరి ఒడ్డుకు నడిచాం. మంచు ఇంకా నీళ్ళ మీదే ఉంది.

"గీ నీళ్ళే మన దిక్కు వస్తయా?" అని అడిగింది జమున.

"బాసర మీదికెల్లి సోన్, ఆన్నుంచి ధర్మపురి. గివే" అన్నాను.

ఆమె వంగి చెయ్యి తడుపుకుంది.

తొమ్మిదింటికి సత్వంత్ కౌర్ దంపతుల దగ్గర సెలవు తీసుకున్నాం. "నిర్మల్ వస్తే మా ఇంటికి రాకుంట పోవద్దు. పోతే మనసుల పెట్టుకుంట మల్ల" అని ఆమె జమునను బెదిరించింది. తొమ్మిదిన్నర బస్సుకు భైంసా, అక్కడ మారి నిర్మల్ వచ్చేసరికి ఒంటిగంట. అన్నం తిని, రెండింటికి ఆర్మూర్ బస్సు ఎక్కాం. ఆదివారం కాబట్టి బస్సు సగం ఖాళీ. వెనక రెండు సీట్లు దొరికాయి.

ఊరు దాటాక అడిగాను. నాకు ఎదురుగా ఉన్న సీటు కమ్మీని చూస్తూ అడిగాను.

"అక్షిత పోయిన్నాడు ఏమైంది జమునా?"

ఆమె శాలువా భుజాల మీదికి లాక్కుంది. వినలేదేమో అనుకున్నాను. తర్వాత కిటికీ వైపు తిరిగే చెప్పడం మొదలుపెట్టింది.

"నాలుగు దినాల జరం. కరీంనగర్ల చూపెట్టిన. హైదరాబాద్ తీస్కపో అన్నరు. నేను ఒక్కదాన్ని. అవ్వ పిలగాన్ని వట్టుకొని ఇంటికాడ ఉన్నది. మా అన్నను తోల్కొని పోదామని కోరుట్ల బస్సు ఎక్కిన. నా ఒళ్ళె పండుకున్నది."

బస్సు సోన్ వంతెన ఎక్కింది. ఎవరో చిల్లర పైసలు నీళ్ళలోకి విసిరారు. ఆమె ఆగలేదు.

"జగిత్యాల దాటినంక పానం పోయింది. నాకు ఎరికైంది. కాళ్ళు సల్లగైనయ్. చెప్తే బస్సు ఆపుతరు, ఆడనే దింపుతరు అని చెప్పలే. నోరు కట్టుకొని కూసున్న. పక్క సీటామె పిల్లకు బిస్కెట్ ఇయ్యవొయ్యింది. పండుకున్నదమ్మా, లేస్తే ఇస్త అన్న. బిస్కెట్ తీస్కొని పిల్ల చేతుల పెట్టిన. గట్లనే కోరుట్ల దాక వచ్చిన."

నేను ఆమె వైపు తిరగలేకపోయాను.

"గా బస్సు ఎక్కకుంట హైదరాబాద్ బస్సు ఎక్కితే బతికేదా? ఎవ్వర్ని అడగాలె? ఎవ్వరికి చెప్పాలె? ఊరోళ్ళు వచ్చిన్రు, ఏడ్సిన్రు. ఇంట్లనే పోయిందనుకున్నరు. మా అన్నకు గూడ చెప్పలే."

"నాకు ఎందుకు చెప్పలే?" అన్నాను. అడిగాక, అడగకూడని మాట అడిగానని తెలిసింది.

"నువ్వు అడగలే" అంది. కోపం లేదు ఆ గొంతులో. "నువ్వు ఆడ కూసొని ఏడ్సినవ్. నీకొక జాగ దొరికింది. నాకు దొరకలే. నీ గడ్డం సూసినప్పుడల్ల గదే మండుతుండె నాకు. మతం గాదు, దేవుడు గాదు. నువ్వొక్కనివే పోయి సల్లగైనవని."

ఇన్నాళ్ళూ ఆమె కోపమంతా నా జుట్టు మీద, గుడ్డ మీద అనుకున్నాను. ఆమెను ఎట్లా ఒప్పించాలా అని పుస్తకాల్లో మాటలు వెతికాను. పాజీని అడిగాను, జ్ఞానీజీని అడిగాను. ఆమెను మాత్రం అడగలేదు.

ఏడవడానికి కూడా ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, బస్సులో ఎవరూ వినకుండా. నేను "నీ తప్పేం లేదు" అనబోయాను. పద్దెనిమిదో అంతస్తు మీద ఉన్నవాడికి ఆ మాట అనే హక్కు ఎక్కడిది? ఆ రోజు గురుద్వారాలో పాజీ నాతో ఏమీ అనలేదు. కదలకుండా కూర్చున్నాడు. నాకు తెలిసింది అదొక్కటే. ఆమె చెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకుని ఆర్మూర్ దాకా కూర్చున్నాను.

ఆర్మూర్‌లో బస్సు మారేటప్పుడు నల్లా దగ్గర మొహం కడుక్కుంది. నాలుగింటి కోరుట్ల బస్సులో ఎక్కాక తనే అడిగింది. "అవ్వకు ఏం చెప్తవ్?"

"నిజమే చెప్త. నాకు ఇట్ల ఉండబుద్ధయితున్నది, నువ్వు సరే అనేదాక దీక్ష తీసుకోను అంట. గుండు సంగతి ఇద్దరం కూసొని మాట్లాడుకుంటం."

"మొదలు తిడుతది."

"తిట్టనీ."

"నేను గూడ కూసుంట పక్కన" అంది.

రెండు రోజుల్లో నేను సిక్కును కాలేదు. అవుతానో లేదో కూడా ఇప్పుడు చెప్పలేను. నాందేడ్‌లో చూసిందాంట్లో సగం నాకు అర్థం కాలేదు, ఆ భాష నేర్చుకోవడానికే ఇంకో రెండేళ్ళు పడుతుంది. ఒక్కటి మాత్రం తెలిసింది. దుబాయిలో గిన్నెలు కడిగి, నోటుబుక్కు నింపి, జుట్టు పెంచి ఇదే దారి అనుకున్నాను. ఆ దారిలో మొదటి అడుగు నా ఇంట్లోనే వెయ్యాల్సి ఉండింది. అది వెయ్యకుండా ఎనిమిదేళ్ళు తిరిగాను.

మెట్‌పల్లి దాటాక జమున మళ్ళీ అడిగింది.

"గా దినం ఆడ నువ్వేం జేసినవ్? మొదటికెల్లి చెప్పు. ఫోన్ వచ్చినప్పుడు ఏడున్నవ్?"

చెప్పడం మొదలుపెట్టాను. పద్దెనిమిది అంతస్తులు ఎట్లా దిగానో, టాక్సీలో పాజీ నా భుజం మీద చెయ్యి వేసి ఏ మాటా లేకుండా ఎట్లా కూర్చున్నాడో. ఆమె మధ్యమధ్యలో "ఆ తర్వాత?" అంటోంది. ఐదున్నరకు కోరుట్లలో దిగేసరికి నేనింకా గురుద్వారా మెట్ల దగ్గరే ఉన్నాను. మా ఊరి ఆటో అతను పిలిచాడు.

"మేం నడిసొస్తం, నువ్వు పో" అని జమున అతన్ని పంపించేసింది.

మూడు కిలోమీటర్లూ నడిచాం.